చాకు బ్లేడు మీద గీతలు: ఏవి తుడిస్తే పోతాయి, ఏవి వదిలెయ్యాలి?

కార్టన్_కుర్రోడు (ఆటోనగర్, బెజవాడ)
అందరికీ నమస్తే. నేను ఆటోనగర్లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులో చేస్తా, ట్రాన్స్‌పోర్ట్ నుంచి దిగే అట్టపెట్టెలన్నీ విప్పేది నేనే, పొద్దున షట్టర్ ఎత్తిన కాడ్నించి చాకు చేతిలోనే ఉంటది. నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఎర్ర పిడి విక్టోరినాక్స్ (స్విస్ కంపెనీ మడత చాకు), దాని పెద్ద బ్లేడు మీద పదునుకి కాస్త పైన సన్నటి గీతలు గుంపుగా పడ్డాయి, అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి, ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పితే బాగా కనపడతన్నాయి. రెండోది నల్ల కోటింగ్ ఉన్న మడత చాకు, తాళాల గుత్తితో పాటే ప్యాంటు జేబులో ఉంటది, మడిచినా వీపు వైపు బయటికి కనపడుద్ది కదా, అక్కడ వెండి రంగు చారలు వచ్చాయి.
తెగడం రెండూ బానే తెగుతున్నాయి. కానీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటంది. ఈ గీతల వల్ల చాకుకి ఏమన్నా నష్టమా, తీయొచ్చా, తీస్తే ఎట్టా తీయాలి? తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

మిర్చియార్డ్_గుంటూరు
తమ్ముడూ వదిలెయ్. నేను యార్డులో రోజంతా టిక్కీల (మిర్చి బస్తాల) కుట్టు విప్పి శాంపిల్ తీస్తా, గోతాం దారం, మిర్చి దుమ్ము, కింద సిమెంటు నేల దుమ్ము అన్నీ ఆ బ్లేడు మీదే. నా చాకు మెరుపు పోయి బూడిద రంగుకి తిరిగి చాలా కాలమైంది. దారం మీద ఆనిస్తే చాలు తెగుద్ది. పని చేసే చాకుకి గీతలు పడకుండా ఎట్టా ఉంటాయ్.

పాత_చాకులు (గవర్నర్‌పేట)
మిర్చియార్డ్ గారు చెప్పింది కరెక్టే గానీ ఆ అబ్బాయి అడిగిందానికి అది జవాబు కాదండి. అన్ని గీతలూ ఒకటి కాదు. ముందు అసలు అది గీతేనా కాదా చూడాలి. బాబూ, ఆ నల్ల చాకు మీద చార కాడ గోరు పెట్టి అడ్డంగా లాగు. గోరు తట్టుకుందా, జారిపోయిందా? తర్వాత పిల్లలు పెన్సిల్‌కి వాడే రబ్బరు తీసుకుని గట్టిగా రుద్దు. ఏం జరిగిందో ఇక్కడ రాయి, ఆ తర్వాత మాట్లాడదాం. రెండో చాకు సంగతి మాస్టారు వచ్చి చెప్తే బాగుంటది.

లోహం_మాస్టారు (గుంటూరు)
వచ్చానండి. పాత చాకులు గారు రబ్బరుతో రుద్దమని ఎందుకన్నారో చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడి మంచి బ్లేడుని ఎమరీ పేపరుతో గీకేస్తారు.
ఒక వస్తువు ఇంకోదాన్ని గీయాలంటే దానికన్నా గట్టిదై ఉండాలి. విక్టోరినాక్స్ బ్లేడు స్టీలు, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 56 దగ్గర ఉంటుంది, వాళ్ళు ఉద్దేశపూర్వకంగానే అంతకి ఆపారు, ఇంకా గట్టిపరిస్తే మామూలు మనిషి ఇంట్లో సాన పెట్టుకోవడం కష్టం. మన తాళంచెవులు ఎక్కువగా ఇత్తడి, పైన నికెల్ పూత. అవి గట్టిపరిచిన స్టీలు కన్నా చాలా మెత్తన. కాబట్టి తాళంచెవి బ్లేడుని గీయలేదు, బ్లేడే తాళంచెవిని గీస్తుంది, అలా ఊడిన మెత్తటి లోహం బ్లేడు మీద అంటుకుంటుంది. నల్ల కోటింగ్ మీద అది వెండి చారలా కనిపిస్తుంది. నిజమైన డీఎల్‌సీ (వజ్రంలాంటి కార్బన్) కోటింగ్ అయితే మరీను, అది కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది కానీ చాలా గట్టిది, చుట్టుపక్కల వస్తువులే దాని మీద అరిగి అంటుకుంటాయి. అంటుకున్నది రబ్బరుతో పోతుంది. అదే చవక చాకు అయి పైన ఉన్నది ఉత్త నల్ల రంగు అయితే మాత్రం అది నిజంగానే లేచిపోయి కింద స్టీలు కనపడుతుంది.
ఇక అట్టపెట్టెల గీతలు. ఇవి నిజం గీతలే. అట్ట మెత్తనిదే కానీ అందులో, ముఖ్యంగా పాత కాగితం మళ్ళీ కరిగించి చేసిన అట్టలో, సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి, పైన లారీలో పడ్డ రోడ్డు దుమ్ము వేరే. ఇసుక అంటే క్వార్ట్జ్, ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 7, చాకు స్టీలు దానికన్నా తక్కువే. ప్రతి పెట్టె కోసినప్పుడూ ఆ రేణువులు బ్లేడు పక్కల మీద రాసుకుంటూ పోతాయి. నువ్వు కోసే దిశ ఎప్పుడూ ఒకటే కాబట్టి గీతలన్నీ ఒక వైపుకే వాలి ఉన్నాయి. కోత మీద వాటి ప్రభావం ఏమీ లేదు, కోసేది అంచు, పక్కలు కాదు.

కార్టన్_కుర్రోడు
మాస్టారూ అద్భుతంగా చెప్పారు. మా అకౌంటెంట్ అక్క టేబుల్ మీద రబ్బరు ఉంటే అడిగి తీసుకుని రుద్దా. నల్ల చాకు మీద చారలు దాదాపు అన్నీ పోయాయి!! ఒక్కటి మాత్రం పోలా, మొన కాడ, గోరు కూడా తట్టుకుంటంది. అది తాళాల వల్ల కాదనుకుంటా, పెట్టెల మీద ఇనప పట్టీ ఉంటది కదా దాన్ని చాకుతో లేపుతుంటా.

తెనాలి_సాన
తమ్ముడూ ఇనప పట్టీ మొనతో లేపమాకు. గీత పెద్ద విషయం కాదు, మొన విరిగిద్ది. మొన విరిగితే మళ్ళీ ఆ ఆకారం రావాలంటే వీపు వైపు నుంచి బోలెడంత స్టీలు అరగదీయాలి. ఆ పనికి కటింగ్ ప్లయర్ పెట్టుకో, పెట్టెలకి ఉండే పిన్నులు కూడా దాంతోనే పీకు. పిన్ను పక్కల మీద పెద్దగా గీయదు గానీ అంచుకి తగిలితే అంచు మడతపడుద్ది.
ఇంకో రకం గీతలు ఎవరూ చెప్పలేదు. సాన పెట్టేటప్పుడు పడేవి. రాయి మీద చాకుని మరీ పడుకోబెట్టి రుద్దితే అంచుతో పాటు పక్క కూడా రాయికి తగిలి మసక పట్టీ లాగా ఒక వరస వస్తది. నా దగ్గరికి వచ్చే చాకుల్లో ఎక్కువగా కనపడేది ఇదే. కారు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు బ్లేడు పక్కలకి, అంచుకి కాస్త పైదాకా అంటించి సాన పెడితే అసలు పడవు. టేపు అరిగిపోతే మార్చుకోవడమే.

బెంజ్‌సర్కిల్_రాము
సాన అంటే గుర్తొచ్చింది. మా వీధిలో సైకిలు మీద సాన చక్రం పెట్టుకుని వచ్చే ఆయనకి ఒకసారి మంచి మడత చాకు ఇచ్చా. నిప్పురవ్వలు ఎగిరేలా పట్టాడు, పదునైతే వచ్చింది, కానీ పక్కంతా గరుకు గరుకు గీతలు, మొన కాడ నీలం రంగు తిరిగింది. ఆ నీలం కూడా తుడిస్తే పోద్దా?

లోహం_మాస్టారు
రాము గారూ, రంగు తుడిస్తే పోవచ్చు కానీ జరిగిన నష్టం పోదు. స్టీలు వేడెక్కితే పైన పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి రంగు మారుతుంది, కార్బన్ స్టీలులో గడ్డి రంగు, గోధుమ, ఊదా అలా పోయి 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో నీలం వస్తుంది. స్టెయిన్‌లెస్‌లో ఇంకా ఎక్కువ వేడికి గానీ రాదు. అంటే ఆ మొన అంత వేడెక్కిందన్నమాట, అక్కడ గట్టిదనం తగ్గి ఉండొచ్చు, పదును త్వరగా పోతుంటే అదే కారణం. సాన పెడుతూ పెడుతూ ఆ భాగం అరిగిపోయేదాకా అంతే. పల్లెల్లో కొడవళ్ళకి, కత్తిపీటలకి ఆ చక్రం సరిపోతుంది, ఆ పనివాళ్ళ నైపుణ్యాన్ని తక్కువ చేయట్లేదు. సన్నటి బ్లేడుకి మాత్రం నీళ్ళు పోసి చేత్తో రుద్దే సాన రాయే మంచిది.

వన్‌టౌన్_పాలిష్
ఇంత చర్చ దేనికి బ్రదర్స్. వన్‌టౌన్‌లో స్టీలు సామాన్లకి బఫింగ్ చేసే షాపులు ఉన్నాయి, మాదీ అదే పని. గుడ్డ చక్రానికి పాలిష్ సబ్బు పట్టించి పట్టామంటే గీతలన్నీ పోయి అద్దంలా వస్తది, మొహం చూసుకోవచ్చు. బ్లేడు పట్టుకురండి చేసి పెడతా.

పాత_చాకులు
పాలిష్ గారూ మీ పని మీద గౌరవంతోనే చెప్తున్నా, మడత చాకుకి బఫింగ్ వద్దు. ఒకటి, బ్లేడు మొదట్లో కంపెనీ ముద్ర ఉంటది చూడండి, లేజర్‌తో వేసిందైతే నాలుగు పట్లకి మాయమైపోద్ది. లోతుగా కొట్టిన ముద్ర అయినా అంచులు మొద్దుబారి కరిగిపోయినట్టు అవుద్ది. రెండు, గీరిన అంచులన్నీ గుండ్రంగా అయిపోయి చాకు రూపే మారిపోద్ది. నా దగ్గరికి ఎవరన్నా పాత చాకు చూపించడానికి తెస్తే నేను ముందు చూసేది మెరుపు కాదు, ఆ ముద్ర, ఆ అంచులు. గీతలున్న చాకుకి ఇచ్చే విలువ అతిగా పాలిష్ పట్టిన చాకుకి ఇవ్వను. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, తిరిగే చక్రం చాకుని చేతిలోంచి లాగేసుకుంటే ఏమవుద్దో మీకు నాకంటే బాగా తెలుసు.

వన్‌టౌన్_పాలిష్
చివరిది మాత్రం నిజం బాబాయ్. గిన్నె పట్టుకున్నట్టు చాకుని పట్టుకోకూడదు, అంచు చక్రానికి ఎదురు పెడితే చటుక్కున లాగేస్తది. మేం అంచుని చక్రం తిరిగే వైపుకే ఉంచి పడతాం. ముద్ర సంగతి ఆలోచించలా, సామాన్ల మీద ఎవరూ పట్టించుకోరు కదా. కానీ ఒక మాట, నున్నగా ఉన్న స్టీలు తుప్పుకి బాగా తట్టుకుంటది, ఇది మా అనుభవం.

లోహం_మాస్టారు
ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఉపరితలం ఎంత నునుపుగా ఉంటే నీళ్ళు, ఉప్పు నిలవడానికి అంత తక్కువ చోటు. ఇసుక కొట్టినట్టు మసగ్గా ఉండే బీడ్ బ్లాస్ట్ ఫినిష్ చూడ్డానికి బాగుంటుంది గానీ గరుకు వల్ల త్వరగా మరకలు పడుతుంది. గీతలు కనపడకూడదు, చూపు బాగుండాలి అనుకునేవాళ్ళు కొనేటప్పుడే స్టోన్‌వాష్ ఫినిష్ చూసుకోండి. బ్లేడుని చిన్న చిన్న రాళ్ళతో కలిపి డ్రమ్ములో తిప్పుతారు, ముందే వేల గీతలు అన్ని దిక్కులా పడి ఉంటాయి, కొత్త గీత వాటిలో కలిసిపోతుంది.

సత్యనారాయణపురం_సుధ
నమస్తే అండి, నాది కొంచెం వేరే సమస్య, ఇక్కడే అడగొచ్చా? నా దగ్గర ఒపినెల్ నంబర్ 8 మడత చాకు ఉంది, కార్బన్ స్టీలుది, చెక్క పిడి. ఎండాకాలమంతా దాంతోనే మామిడికాయలు కోశా, నున్న మార్కెట్ నుంచి మావారు బుట్టలు బుట్టలు తెస్తారు, పచ్చడికి పుల్లటి కాయలు, తినడానికి బంగినపల్లి. ఇప్పుడు బ్లేడు అంతా ఒకచోట నీలం, ఒకచోట ముదురు బూడిద రంగు, కాయ రసం జారిన చోట అలలు అలలుగా మచ్చ. కడిగితే పోదు. మా అత్తగారేమో చింతపండు పెట్టి తోము, ఇత్తడి బిందెలా తళతళలాడుద్ది అంటున్నారు. తోమనా?

పాత_చాకులు
అమ్మా సుధా, వద్దు తల్లీ, ఆ మచ్చ నీ చాకుకి రక్ష! ఆగు, మాస్టారు వివరంగా చెప్తారు గానీ ముందు చింతపండు పక్కన పెట్టెయ్.

లోహం_మాస్టారు
సుధ గారూ, చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇత్తడి మీద, రాగి మీద ఉన్న నల్ల పొరని కరిగించి తళతళలాడిస్తుంది, మీ అత్తగారు చెప్పింది ఆ లోహాలకి సరైనదే. కార్బన్ స్టీలు మీద మాత్రం ఆమ్లం కొత్త మచ్చలు వేస్తుంది. పుల్ల మామిడి చేసింది కూడా అదే పని. దాన్ని పాటినా అంటారు. స్టెయిన్‌లెస్ అనాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి, చాకుల్లో సాధారణంగా 13 చుట్టుపక్కల పెడతారు, ఆ క్రోమియమే పైన కనపడని పొరగా ఏర్పడి కాపాడుతుంది. మీ కార్బన్ బ్లేడులో ఆ రక్షణ లేదు. దాని బదులు ఈ నీలం-బూడిద పొర కొంతవరకూ ఎర్ర తుప్పు రాకుండా ఆపుతుంది. మీ ఇంట్లో పాత ఇనప కత్తిపీట ఉంటే చూడండి, పదును తప్ప మిగతా అంతా నల్లగా ఉంటుంది, ఎవరూ దాన్ని మెరిపించరు.
తేడా గుర్తుపట్టడం తేలిక. తెల్ల గుడ్డకి కాస్త నూనె రాసి తుడవండి. గుడ్డకి ఇటుక రంగు అంటిందంటే తుప్పు, దాన్ని వెంటనే తీసెయ్యాలి. రంగు అంటలేదంటే అది పాటినా, ఉంచుకోండి.

సత్యనారాయణపురం_సుధ
గుడ్డ శుభ్రంగానే ఉందండి! బ్లేడు మొదట్లో ఒక్కచోట మాత్రం, పిడిలోకి పోయే కాడ, కొంచెం గోధుమ రంగు అంటింది.

తెనాలి_సాన
అక్కా అది నీళ్ళు నిలిచిన చోటు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ చిన్న ముక్క తీసుకుని నూనె చుక్క వేసి అక్కడే, ఆ ఒక్క చోటే రుద్దండి, మొత్తం బ్లేడు రుద్దితే మాస్టారు చెప్పిన పొర లేచిపోద్ది. కడిగాక ఆరబెట్టడం కాదు, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి, పిడి కొసన బ్లేడు కదలకుండా తిప్పే రింగు కింద కూడా.

మిర్చియార్డ్_గుంటూరు
నూనె అంటే ఏ నూనె? మా ఇంట్లో వేరుశనగ నూనె రాశా ఒకసారి, కొన్నాళ్ళకి జిగురు పట్టి చాకు విప్పడమే కష్టమైంది.

పాత_చాకులు
వంట నూనెలు గాలికి జిగురెక్కుతాయి, దుమ్ము పట్టుకుంటాయి, ఆ దుమ్ములో ఇసుక ఉంటది, మళ్ళీ అదే గీతలు పెడుద్ది. కొబ్బరి నూనె కొంచెం నయం గానీ చలికాలం పొద్దున్నే పేరుకుపోద్ది. తిండి కోసే చాకుకి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క చాలు. విక్టోరినాక్స్ వాళ్ళే తిండికి ఇబ్బంది లేని నూనె చిన్న సీసాలో అమ్ముతారు, దొరికితే అది ఇంకా మంచిది. కుట్టుమిషన్ నూనె పని చాకులకి వాడుకోండి, పండ్లు కోసేవాటికి వద్దు.

పటమట_కిరణ్
నాదొక డౌట్ అన్నలూ. నాది స్టెయిన్‌లెస్సే, కానీ ఆవకాయ జాడీలోంచి ముక్కలు తీసి చాకు అలాగే ప్లేటులో వదిలేశాం, పొద్దున కడిగితే బ్లేడు మీద సూదిమొనంత నల్ల చుక్కలు. గీతలు కావు, చుక్కలు. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదంటారు కదా?

లోహం_మాస్టారు
కిరణ్, పట్టదని కాదు, పట్టడం కష్టం అంతే. ఉప్పులోని క్లోరైడు ఆ క్రోమియం పొరని చిన్న చిన్న చోట్ల ఛేదిస్తుంది, ఆ రంధ్రంలో తుప్పు లోపలికి తవ్వుకుంటూ పోతుంది. దీన్ని పిట్టింగ్ అంటారు. ఆవకాయలో ఉప్పు, పులుపు రెండూ ఉన్నాయి, రాత్రంతా సమయం కూడా దొరికింది. నేల తుడిచే బ్లీచింగ్ నీళ్ళు కూడా ఇదే పని చేస్తాయి. ఈ చర్చ మొత్తంలో నన్ను అడిగితే అసలు పట్టించుకోవాల్సిన మచ్చ ఇదొక్కటే. గీత పైపైనే ఉంటుంది, పిట్టింగ్ లోతుకి పోతుంది, పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న స్టీలంతా ఆ లోతుకి అరగదీయాలి. మీరు పైన నలుపు మాత్రం మెటల్ పాలిష్‌తో తుడిచి, బాగా కడిగి, నూనె రాసి వాడుకోండి. ఇకమీద పచ్చడి తగిలితే అప్పటికప్పుడే కడిగెయ్యండి.

కార్టన్_కుర్రోడు
ఇవన్నీ చదివాక నల్ల చాకు సంగతి వదిలేస్తా. కానీ అన్నా నిజం చెప్పాలంటే విక్టోరినాక్స్ గీతలు తీయాలనే ఉంది. అది నా సొంత డబ్బులతో కొన్న మొదటి మంచి వస్తువు, శుభ్రంగా ఉంచుకోవాలని ఉంటది కదా. బఫింగ్ కాకుండా చేత్తో చేసే పద్ధతి ఏమన్నా ఉందా?

మిర్చియార్డ్_గుంటూరు
రేపు మళ్ళీ పెట్టెలే కదా తమ్ముడూ కోసేది, మళ్ళీ పడతాయి.

పాత_చాకులు
పడనివ్వండి మిర్చియార్డ్ గారూ, ఇల్లు రేపు మళ్ళీ దుమ్ము పట్టుద్దని ఈరోజు ఊడవడం మానుకుంటామా. తన వస్తువు మీద అభిమానం ఉన్నోడు, చేసుకోనివ్వండి. పద్ధతి తెలిస్తే చాలు.

తెనాలి_సాన
చెప్తా రాసుకో. ముందు చాకు మొత్తం గోరువెచ్చని నీళ్ళలో డిష్‌వాష్ లిక్విడ్ వేసి విప్పుతూ మూస్తూ కడుగు, కీళ్ళలో దుమ్ము ఉంటే నువ్వు ఎంత పాలిష్ చేసినా మూసిన ప్రతిసారీ కొత్త గీత పడుద్ది. టేపు జిగురు అంటుకుని ఉంటే కొబ్బరి నూనె రాసి కాసేపు ఉంచి తుడువు. ఆరాక అంచు మీద మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు వెయ్, ఇది మర్చిపోమాకు, వేళ్ళు తెగేది ఇక్కడే. ముద్ర మీద కూడా టేపు వెయ్. బ్లేడు పూర్తిగా విప్పి చెక్క ముక్క మీద పడుకోబెట్టి కదలకుండా పట్టు.
ఇప్పుడు అసలు పని. బ్లేడు మీద కంపెనీ వేసిన సన్న గీతలు ఎటు పోతున్నాయో వెలుతురులో చూడు, చాలావాటికి వీపు నుంచి అంచు వైపు అడ్డంగా ఉంటాయి, కొన్నిటికి పొడవునా ఉంటాయి. ఎటుంటే అటే రుద్దాలి, గుండ్రంగా తిప్పమాకు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 2000 నంబరుతో మొదలుపెట్టు, చిన్న చెక్క ముక్కకి చుట్టి, సబ్బు నీళ్ళు చుక్క వేసి, ఒకే వైపు లాగు, వెనక్కి రుద్దకు. పోకపోతే 1000కి దిగు, నంబరు తగ్గేకొద్దీ పేపరు ముతకగా ఉంటది. 600 కన్నా కిందకి పోవాల్సి వస్తే ఆపెయ్, ఆ గీత అంత లోతుగా ఉంటే దాని కోసం బ్లేడంతా పల్చన చేయడం అనవసరం. గోరు తట్టుకునే గీతని అలాగే వదిలెయ్.

లోహం_మాస్టారు
ఒక్కటి కలుపుతా. 1000కి దిగితే దాని గీతలు పూర్తిగా పోయేదాకా 2000తో మళ్ళీ లాగాలి, మధ్యలో పేపరు మార్చేటప్పుడు బ్లేడు కడగాలి, ఒక్క ముతక రేణువు మిగిలినా అది చేసేదే పెద్ద గీత. అయ్యాక కడిగి, తుడిచి, కీళ్ళకి నూనె చుక్క. ఇంకో సంగతి, వారంటీలో స్టీలు లోపాలు, తయారీ లోపాలు వస్తాయి కానీ వాడకం వల్ల వచ్చే అరుగుదల రాదు, కాబట్టి గీతలు చూపించి సర్వీస్‌కి పంపితే ఉపయోగం లేదు.

కార్టన్_కుర్రోడు
చేశానన్నా!! 2000 తోనే చాలావరకు పోయాయి, 1000 వాడాల్సిన పని రాలా. వాటర్ పేపర్ మా పక్క పెయింట్ షాపులోనే దొరికింది. పదును కాడ రెండు లోతు గీతలు ఉండిపోయాయి, వాటిని ముట్టుకోలా. బ్లేడు ఇప్పుడు కొత్తదానిలా మెరవట్లేదు గానీ ఒకే రకంగా నీటుగా ఉంది, నాకు బాగా నచ్చింది. నల్ల చాకుకి మొన కాడ లేచిన చోట మార్కర్ పెన్నుతో నలుపు రాద్దామా?

పాత_చాకులు
శభాష్. మార్కర్ వద్దు, చెమటకి కారిపోయి చేతికి, కోసిన దానికీ అంటుద్ది. నెట్‌లో స్టీలుని నల్లగా చేసే గన్ బ్లూ అనే మందు అమ్ముతారు, ఎవరన్నా చెప్పినా కొనమాకు, అది విషపదార్థం, తిండి కోసే చాకుకి అసలు పనికిరాదు. వానాకాలం జేబులో చెమట తడికి ఆ చోట తుప్పు రాకుండా అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడువు, చాలు.

సత్యనారాయణపురం_సుధ
చివరిగా ఒక్కటండి. మొన్న ముసురుకి ఒపినెల్ చెక్క పిడి ఉబ్బి బ్లేడు బయటికి రావట్లేదు, గోరు పెట్టి లాగితే గోరే విరిగేలా ఉంది. ప్లయర్‌తో లాగితే బ్లేడు మీద పళ్ళ గుర్తులు పడతాయని భయంగా ఉంది.

తెనాలి_సాన
ప్లయర్ పెట్టొద్దక్కా, కచ్చితంగా గుర్తులు పడతాయి. రింగు విప్పే వైపుకి తిప్పి, పిడి వెనక కొన బల్ల అంచుకి టక్కున కొట్టండి, ఆ అదురుకి బ్లేడు మొన పైకి లేస్తది, అప్పుడు జాగ్రత్తగా వీపు పట్టుకుని లాగొచ్చు. ఒపినెల్ పుట్టిన ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతం వాళ్ళు ఇట్టాగే తీస్తారు. తీశాక బ్లేడు తెరిచే ఉంచి నీడన ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు పెట్టండి, ఎండలో పెడితే పిడి పగిలే ప్రమాదం ఉంది. పూర్తిగా ఆరాక కూడా బిగువుగానే ఉంటే గాడి లోపల సన్న పేపరుతో రెండు లాగుళ్ళు లాగండి, అంతకు మించి వద్దు.